"సంక్షేమం ముందు మనవాళ్లకే" అనే పార్టీలు: యూరప్‌లో ఉన్న మనవాళ్లు ఏ వైపు?

ఆర్హస్_మాధవి (డెన్మార్క్)

అందరికీ నమస్కారం. ఈ మధ్య మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట పదే పదే కనిపిస్తోంది. "రిఫార్మ్ పార్టీ (వలసలను గట్టిగా వ్యతిరేకించే బ్రిటన్ పార్టీ) అన్నదాంట్లో తప్పేముంది? పన్ను కట్టనివాళ్లకి బెనిఫిట్స్ ఎందుకివ్వాలి? మనం కష్టపడి కడుతున్నాం కదా" అని. బ్రిటన్‌లో ఉన్నవాళ్లే కాదు, జర్మనీ, స్వీడన్‌లో ఉన్నవాళ్లు కూడా అంటున్నారు. నేను ఇక్కడ కొత్తగా వచ్చిన కుటుంబాలతో పని చేస్తాను. ఈ వాదన డెన్మార్క్‌లో ఇరవై ఏళ్ల కిందటే గెలిచింది, చట్టమైంది, దాని ఫలితాలు కూడా బయటపడ్డాయి. అందుకే ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను.

1972లో మొగెన్స్ గ్లిస్ట్రుప్ అనే లాయరు ఇక్కడ ప్రోగ్రెస్ పార్టీ పెట్టాడు. ఆయన గొడవంతా పన్నుల మీద. పన్నులు తగ్గించాలి, ప్రభుత్వం చిన్నదవ్వాలి. అందులోంచి బయటికొచ్చిన పియా క్యెర్స్‌గోర్ 1995లో డేనిష్ పీపుల్స్ పార్టీ పెట్టింది. ఆవిడ ఒకప్పుడు ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి పని చేసిన హోమ్ హెల్పర్. ఆవిడ పార్టీ సంక్షేమాన్ని తగ్గించాలనలేదు. పెన్షన్లు పెంచాలి, వృద్ధుల సేవలు బాగుపడాలి, అయితే అవి మనవాళ్లకే అంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇది ధనవంతుల పార్టీ, పేదల సొమ్ము కోసేస్తుంది అనుకుంటారు. కాదు. పేదవాడి పక్షాన నిలబడే, పక్కనున్న ఇంకో పేదవాణ్ణి చూపించి "నీ వాటా వీడు తింటున్నాడు" అంటుంది.

2001 ఎన్నికల్లో ఆ పార్టీకి 12 శాతం ఓట్లు, 22 సీట్లు వచ్చాయి. ఆండర్స్ ఫో రాస్ముసెన్ ప్రభుత్వం వాళ్ల మద్దతు మీదే నడిచింది. 2002లో "స్టార్ట్ హెల్ప్" అనే తక్కువ సాయం పథకం వచ్చింది. గత 8 ఏళ్లలో 7 ఏళ్లు డెన్మార్క్‌లో ఉండనివాళ్లకి మామూలు సాయంలో సుమారు సగం మాత్రమే. చట్టంలో ఎక్కడా వలసదారు, శరణార్థి అన్న మాట రాసి పెట్టలేదు, ఏళ్ల లెక్కే. కానీ తగిలింది ఎవరికో అందరికీ తెలుసు. 2012లో ఎత్తేశారు. 2015లో వేరే పేరుతో మళ్లీ తెచ్చారు. అప్పుడు ఒంటరి మనిషికి నెలకు సుమారు 5,900 క్రోనర్లు. అదే పరిస్థితిలో ఉన్న డేనిష్ మనిషికి 10,800.

నా ప్రశ్న ఇది. గీత ఎక్కడ గీయాలో మనం వాదించుకుంటున్నాం. ఆ గీతను రేపు ఎవరు జరుపుతారో, ఎటు జరుపుతారో ఆలోచిస్తున్నామా?


పన్ను_కట్టే_మనిషి (రీడింగ్, బ్రిటన్)

మాధవి గారూ, ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. దాచుకోకుండా నా వాదన పెడతాను.

మన ఊళ్లో చిట్టీ ఎలా నడుస్తుంది? నెలనెలా కట్టినవాడే పాటలో కూర్చుంటాడు. కట్టనివాడొచ్చి మొదటి నెలే ఎత్తుకుపోతే చిట్టీ మునిగిపోతుంది, కట్టేవాళ్లకి నమ్మకం పోతుంది. సంక్షేమ రాజ్యం కూడా అంతే. దానికి నమ్మకమే పెట్టుబడి. వచ్చిన రోజు నుంచే అన్నీ ఇస్తామంటే ఇక్కడ పుట్టి పెరిగి పన్ను కట్టినవాడికి కడుపు మండుతుంది. దాన్ని జాత్యహంకారం అని కొట్టిపారేయడం వల్లే ఈ పార్టీలు పెరిగాయని నా గట్టి నమ్మకం.

నేను కడుతున్నది కూడా చెప్తాను. ఇన్‌కమ్ ట్యాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ అందరిలాగే. దానిమీద వీసా ఫీజులు. దానిమీద హెల్త్ సర్‌చార్జి, పెద్దవాళ్లకు మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు. 2015లో అది మొదలైనప్పుడు 200 ఉండేది. ఇన్ని కట్టి కూడా ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చేదాకా చాలా బెనిఫిట్స్ అడగకూడదు. నాకు అందులో అన్యాయం కనిపించదు. ఒప్పుకునే వచ్చాను.

ఇంకోటి. మీరు చెప్పిన స్టార్ట్ హెల్ప్ మీదే ప్రిన్స్‌టన్‌లో ఉండే హెన్రిక్ క్లెవెన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. ఆ కోత వల్ల యూరోపియన్ యూనియన్ బయటి నుంచి నికరంగా వచ్చేవాళ్లు ఏడాదికి సుమారు 5,000 మంది తగ్గారని తేల్చారు. డెన్మార్క్ లాంటి చిన్న దేశానికి అది తక్కువేం కాదు. "బెనిఫిట్స్ చూసి ఎవరూ రారు" అనే మాట నిలబడదు.


గోదావరి_గట్టు (లైడెన్, నెదర్లాండ్స్)

అన్నా, ఆ పరిశోధన నేనూ చదివాను, మంచి పని. దాన్ని కాదనను. నేను ఈ రంగంలోనే చదువుకుంటున్నాను కాబట్టి జనం అసలేమనుకుంటున్నారో కొంచెం చెప్తాను.

యూరోపియన్ సోషల్ సర్వే అని ఉంది, చాలా దేశాల్లో రెండేళ్లకోసారి చేస్తారు. 2008లో, మళ్లీ 2016లో వాళ్లు సూటిగా ఒక ప్రశ్న అడిగారు. వలస వచ్చినవాళ్లకి స్థానికులతో సమానంగా సంక్షేమ హక్కులు ఎప్పుడు రావాలి? రాగానే, పని చేసినా చేయకపోయినా ఏడాది ఉన్నాక, కనీసం ఏడాది పని చేసి పన్ను కట్టాక, పౌరసత్వం వచ్చాక, ఎప్పటికీ వద్దు. ఈ ఐదింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఎక్కువమంది చెప్పింది మూడోదో నాలుగోదో. "ఎప్పటికీ వద్దు" అన్నవాళ్లు తక్కువ. అంటే సగటు ఓటరు మీలాగే ఆలోచిస్తున్నాడు. "కట్టు, తీసుకో" అంటున్నాడు.

విమ్ వాన్ ఊర్‌స్కాట్ అనే పరిశోధకుడు ఎవరికి సాయం చేయాలో జనం ఎలా తూకం వేస్తారో చాలా కాలం చూశాడు. ఐదు విషయాలు చూస్తారంటాడు. ఈ కష్టం వాడి చేతుల్లో ఉందా? వాడి తీరు ఎలా ఉంది? ఇంతకుముందు ఏమైనా ఇచ్చాడా? మనవాడేనా? నిజంగా అవసరమా? ఏ దేశంలో అడిగినా వరుస దాదాపు ఒకటే: ముందు వృద్ధులు, తర్వాత జబ్బుపడ్డవాళ్లు, వికలాంగులు, ఆ తర్వాత నిరుద్యోగులు, అందరికంటే చివర వలస వచ్చినవాళ్లు.

నాకు ముఖ్యంగా తోచింది ఒకటుంది. ఈ పార్టీలు మాట్లాడేది మూడో ప్రశ్న గురించి, "ఏం కట్టాడు" అని. చట్టం రాసేటప్పుడు మాత్రం నాలుగోది వాడతాయి, "మనవాడేనా" అని. కట్టడం అనేది మనిషి చేతిలో పని. మనవాడవడం వాడి చేతిలో లేదు. మీ చిట్టీలో కట్టినవాడికి పాట హక్కు ఉంటుంది కదా. ఇరవై నెలలు కట్టినవాణ్ణి "నువ్వు ఈ వీధివాడివి కాదు" అని పాట రోజు లేపేస్తే దాన్ని ఏమంటారు?


లీడ్స్_నైట్_డ్యూటీ (బ్రిటన్)

నేను ఎక్కువ చదువుకున్నదాన్ని కాదు, ఇక్కడ రాయడం కూడా కొత్త. కేర్ వర్కర్ వీసా మీద వచ్చాను. మాది ఖమ్మం దగ్గర. వయసు మళ్లినవాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించడం, మందులివ్వడం, తిండి పెట్టడం నా పని.

నేను చూసుకునే ఒక పెద్దాయన ఒకప్పుడు బస్సు నడిపేవాడు. కాళ్లకు నీరు పడుతుంది, పొద్దున్నే బిగుతు మేజోళ్లు తొడగాలి. అవి ఎక్కించడం చాలా కష్టం, మడమ దగ్గర ఆగిపోతాయి, పదినిమిషాలు పడుతుంది. ఆ పదినిమిషాలు ఆయన మాట్లాడుతూనే ఉంటాడు. మంచివాడే. నా పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుని అడుగుతాడు. ఒకరోజు "నీకు కౌన్సిల్ ఇచ్చిన ఇంట్లో ఎన్ని గదులు?" అన్నాడు. మాకు ఎవరూ ఇల్లివ్వలేదు, ప్రైవేటు అద్దె అని చెప్పాను. నమ్మలేదు. "మరి పిల్లలకి వచ్చే డబ్బు?" అన్నాడు. అదీ రాదు, మా వీసాకి చైల్డ్ బెనిఫిట్ లేదు అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, పక్కనున్న పేపర్ మీద పజిల్ నింపే పెన్నుతో "ట్యాక్స్ ఎంత కడతావు, రాయి" అన్నాడు. పోయిన నెల పేస్లిప్‌లో ఎంత కోశారో రాసిచ్చాను. ట్యాక్స్ ఒకటి, నేషనల్ ఇన్సూరెన్స్ ఒకటి. రెండూ చూసి "ఇది నాకెవరూ చెప్పలేదే" అన్నాడు.

ఆయన రిఫార్మ్‌కే వేస్తాడు, ఇప్పటికీ. "నీలాంటివాళ్ల గురించి కాదమ్మా వాళ్లు అనేది" అంటాడు. నాకు ఆయన మీద కోపం లేదు. కానీ వాళ్లు అనేది నా గురించే. చిన్న పడవల్లో సముద్రం దాటి శరణు కోరి వచ్చేవాళ్ల గురించి మాట్లాడి, ఐఎల్ఆర్ తీసేస్తామంటున్నారు. పడవలో వచ్చినవాడికి ఐఎల్ఆర్ ఎక్కడుంది? ఐఎల్ఆర్ కోసం లెక్కపెట్టుకుంటున్నది నేను.

గోదావరి తమ్ముడు చెప్పిన మాట నా గుండెకు తగిలింది. చిట్టీ కడుతున్నాను, పాటకు పిలుస్తారో లేదో తెలియదు.


సింహపురి_శ్రీను (హైదరాబాద్)

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను.

నాకొక సందేహం. 2020 లాక్‌డౌన్‌లో మా వైపు అపార్ట్‌మెంట్లు కడుతున్న ఒడిశా, బిహార్ కూలీలకి తెలంగాణ ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. వాళ్లకి ఇక్కడ ఓటు లేదు, రేషన్ కార్డు లేదు. మా కాలనీలో ఎవరూ "మా బియ్యం వాళ్లకెందుకు" అనగా నేను వినలేదు. అంత డబ్బున్న దేశాల్లో ఎందుకు ఇంత భయం?


గోదావరి_గట్టు (లైడెన్, నెదర్లాండ్స్)

శ్రీను గారూ, ఒక విపత్తులో ఒకసారి ఇచ్చిన బియ్యానికీ, ఏళ్ల తరబడి ఇచ్చే ఇంటికీ తేడా ఉంది. ఉద్యోగాల దగ్గరికొస్తే మన దగ్గర ముల్కీ గొడవ 1952లో, 1969లో ఎంత దూరం వెళ్లిందో మీకు తెలుసు. కాబట్టి మనం మంచివాళ్లం, వాళ్లు చెడ్డవాళ్లు అనుకోవడానికి లేదు. కొరత ఎక్కడుంటే భయం అక్కడుంటుంది.

నెదర్లాండ్స్‌లో ఆ కొరత ఇళ్ల రూపంలో ఉంది. సోషల్ హౌసింగ్ (తక్కువ అద్దెకు ఇచ్చే ఇళ్లు) కోసం ఆమ్‌స్టర్‌డామ్‌లో పదేళ్లకు పైనే ఎదురుచూస్తారు. అలా ఎదురుచూసే మనిషికి శరణార్థి హోదా వచ్చిన కుటుంబానికి ముందు ఇల్లిచ్చారని తెలిస్తే ఏమవుతుందో ఊహించండి. ఇళ్లు ఎందుకు కట్టలేదు అని ప్రభుత్వాన్ని అడగడం కష్టం. ఆ కుటుంబాన్ని చూపించడం తేలిక. వలసలను వ్యతిరేకించే పార్టీ నాయకుడు ఖేర్ట్ విల్డర్స్ చేసింది అదే. 2023 నవంబరులో 150లో 37 సీట్లతో మొదటి స్థానంలోకి వచ్చాడు. ఆయన మేనిఫెస్టోలో వలసల మాట ఎంత ఉందో, ఆరోగ్య బీమాలో జనం జేబులోంచి ముందు పెట్టుకునే 385 యూరోలు రద్దు చేస్తామన్న మాటా అంత గట్టిగా ఉంది. వామపక్షం మాట్లాడాల్సిన మాట ఆయన మాట్లాడుతున్నాడు.

లీడ్స్ అక్క చెప్పిన పెద్దాయన విషయం మీద కూడా ఒక పరిశోధన ఉంది. ఆల్బెర్టో అలెసీనా, అర్మాండో మియానో, స్టెఫానీ స్టాంచెవా ఆరు దేశాల్లో, అందులో బ్రిటన్, స్వీడన్, ఫ్రాన్స్, జర్మనీ ఉన్నాయి, ఇరవై రెండు వేల మందికి పైగా జనాన్ని అడిగారు. అన్ని దేశాల్లోనూ జనం వలస వచ్చినవాళ్ల సంఖ్యను ఉన్నదానికంటే చాలా ఎక్కువ అనుకుంటున్నారు. వాళ్లు ఉన్నదానికంటే పేదవాళ్లనీ, బెనిఫిట్స్ మీద ఎక్కువ ఆధారపడతారనీ అనుకుంటున్నారు. ఇంకో సంగతి మరీ బాధ కలిగించింది. వలసల గురించి ముందు అడిగి, పేదలకు సాయం గురించి తర్వాత అడిగితే, సాయానికి మద్దతు తగ్గిపోతోంది. ఏ సమాచారం ఇవ్వలేదు, కేవలం గుర్తు చేశారు, అంతే. అంటే ఈ ప్రచారం వలసవాడికే నష్టం చేసి ఆగదు. స్థానికుల్లోని పేదవాడికి వచ్చే సాయాన్నీ తగ్గిస్తుంది.


ఓరుగల్లు_పిల్ల (లియోన్, ఫ్రాన్స్)

ఫ్రాన్స్ మాట కూడా రావాలి, ఎందుకంటే "జాతీయ ప్రాధాన్యం", అంటే సాయం ముందు ఫ్రెంచివాళ్లకే, అనే నినాదాన్ని లె పెన్ పార్టీ (అప్పట్లో నేషనల్ ఫ్రంట్) 1980ల నుంచీ మోస్తోంది. దాన్ని ఒకచోట అమలు కూడా చేశారు. మార్సెయ్ దగ్గర విత్రోల్ అనే ఊరు. అక్కడ నేషనల్ ఫ్రంట్ మేయర్ కాట్రిన్ మెగ్రే 1998లో, బిడ్డ పుడితే 5,000 ఫ్రాంకులు అని ప్రకటించింది. తల్లిదండ్రుల్లో ఒకరైనా ఫ్రెంచి లేదా యూరోపియన్ యూనియన్ పౌరులైతేనే. ఒకే ఆసుపత్రిలో ఒకే రోజు పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఉంది, ఒకరికి లేదు. కోర్టు కొట్టేసింది.

పాతికేళ్లు గడిచాయి. 2023 డిసెంబరులో మాక్రాన్ ప్రభుత్వమే తెచ్చిన ఇమిగ్రేషన్ చట్టంలో, పని చేయని యూరప్ బయటివాళ్లకి కుటుంబ భత్యాలు కావాలంటే ఐదేళ్లు ఆగాలని చేర్చారు. పని చేసేవాళ్లకి రెండున్నరేళ్లు. మరీన్ లె పెన్ దాన్ని తమ సిద్ధాంత విజయం అని చెప్పుకుంది. 2024 జనవరిలో రాజ్యాంగ మండలి ఆ భాగాలు కొట్టేసింది. అయితే అవి అన్యాయం అని కాదు, ఆ బిల్లులో చేర్చిన పద్ధతి సరికాదని. అందుకే నేను కోర్టు ఉందిలే అని నిశ్చింతగా ఉండలేకపోతున్నాను.

పన్ను కట్టే అన్నయ్యకు నా ప్రశ్న. కుటుంబ భత్యం పిల్లల కోసం. పిల్లలు ఏ చిట్టీ కట్టాలి?


వియన్నా_వీణ (ఆస్ట్రియా)

లీడ్స్ అక్క పోస్టు చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ఆస్ట్రియాలో ముసలివాళ్ల ఇళ్లలోనే ఉండి 24 గంటలూ చూసుకునే ఆడవాళ్లు ఎక్కువమంది స్లొవాకియా, రొమేనియా నుంచి వస్తారు. రెండు మూడు వారాలు ఇక్కడ, రెండు మూడు వారాలు ఇంటి దగ్గర. పిల్లలు అక్కడే ఉంటారు. 2019 జనవరి నుంచి, సెబాస్టియన్ కుర్జ్ పార్టీ, వలసలను వ్యతిరేకించే ఫ్రీడం పార్టీ కలిసి ఉన్న ప్రభుత్వం ఒక పని చేసింది. పిల్లలు వేరే దేశంలో ఉంటే అక్కడి ధరలను బట్టి కుటుంబ భత్యం తగ్గించేసింది. అంటే వియన్నాలో ఒకరి అమ్మకి స్నానం చేయించే తల్లికి, తన బిడ్డ రొమేనియాలో ఉన్నందుకు సగం. ఆమె దగ్గర కోసుకునే చందాలో మాత్రం పైసా తగ్గించలేదు.

2022 జూన్‌లో యూరోపియన్ న్యాయస్థానం అది చెల్లదంది. చందా సమానంగా కడుతున్నప్పుడు హక్కు కూడా సమానమే అంది. కోసుకున్నది వెనక్కి ఇచ్చారు. వాళ్లు యూరోపియన్ యూనియన్ పౌరులు కాబట్టి ఆ కోర్టు వాళ్ల వెనక ఉంది. మన వెనక అది లేదు. ఈ ఒక్క తేడా మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.


పన్ను_కట్టే_మనిషి (రీడింగ్, బ్రిటన్)

ఇన్ని పోస్టులకు ఒకేసారి జవాబిస్తున్నాను.

ముందు లీడ్స్ అక్కకు: మీరు కడుతున్నారు. నా సూత్రం ప్రకారం మీరు అందరికంటే ముందుండాలి. నేను వాదించేది మీకు వ్యతిరేకంగా కాదు.

పిల్లల విషయం: పిల్లలను వేరుగా చూడాలని నేనూ ఒప్పుకుంటాను. స్కూలు, వైద్యం ఎవరికైనా ఇవ్వాలి. నగదు విషయంలో కొంతకాలం ఆగాలన్నదే నా మాట.

ఇక రిఫార్మ్. 2024 ఎన్నికల్లో వాళ్లకి 14 శాతం ఓట్లు, 5 సీట్లు. 2025 మే స్థానిక ఎన్నికల తర్వాత అందరూ వాళ్ల వైపే చూస్తున్నారు. 2025 సెప్టెంబరులో ఐఎల్ఆర్‌నే రద్దు చేస్తామన్నారు, ఇప్పటికే ఉన్నవాళ్లకి కూడా. ఐదేళ్లకోసారి వీసా కొత్తగా అడుక్కోవాలి, పౌరులు కానివాళ్లకి బెనిఫిట్స్ ఉండవు. 234 బిలియన్ పౌండ్లు ఆదా అన్నారు. ఆ అంకె వేసిన సంస్థే దాన్ని వాడొద్దని అంతకుముందే చెప్పింది. ఇది నా సూత్రం కాదు. నేను అడిగేది షరతు. షరతు పూర్తి చేసినవాడికి మాట నిలబెట్టుకోవాలి. మధ్యలో మార్చేస్తే అది మోసం. ఇరవై ఏళ్లు కట్టినవాణ్ణి, ఇవాళ దిగినవాణ్ణి ఒకే వరసలో నిలబెట్టేది "కట్టు, తీసుకో" ఎలా అవుతుంది?

కానీ దానికి జవాబు షరతులే వద్దనడం కాదు. షరతు లేకపోతే ఆ బస్సు పెద్దాయన లాంటివాళ్ల నమ్మకం తిరిగి రాదు.


ఆర్హస్_మాధవి (డెన్మార్క్)

మీరు షరతు వేరు, గెంటేయడం వేరు అంటున్నారు. కాగితం మీద వేరే. ఇక్కడ రెండూ ఎలా కలిసిపోయాయో చూశాను కాబట్టి చెప్తాను.

మీరు క్లెవెన్ వాళ్ల పరిశోధన చెప్పారు. అదే స్టార్ట్ హెల్ప్ మీద క్రిస్టియన్ డస్ట్‌మన్, ఇద్దరు డేనిష్ పరిశోధకులు కలిసి ఇంకొకటి చేశారు. ఇక్కడికి వచ్చేసిన శరణార్థుల మీద. సాయం తగ్గించగానే మొదట్లో ఉద్యోగాల్లో చేరినవాళ్లు పెరిగారు. ఆ పెరుగుదల కొన్నేళ్లలో కరిగిపోయింది. ఆడవాళ్లలో చాలామంది ఉద్యోగాల వెతుకులాట నుంచే తప్పుకున్నారు. ఇంటి ఆదాయం బాగా పడిపోయింది. దుకాణాల్లో దొంగతనాలు పెరిగాయి, అదీ ఎక్కువగా సూపర్ మార్కెట్లలో. చిన్న పిల్లలు ప్రీస్కూలుకు వెళ్లడం తగ్గింది, భాషా పరీక్షల్లో వెనకబడ్డారు. టీనేజి పిల్లల చదువు కుంటుపడింది, నేరాలు పెరిగాయి.

దీన్ని నేను అంకెల్లో కాదు, కిచెన్ టేబుల్ దగ్గర చూశాను. ఒక సిరియా తల్లి నా ముందు నెల ఖర్చు రాసుకుంటోంది. అద్దె, కరెంటు, బస్ పాసు. మిగిలింది చూసి పెద్ద కూతురి స్కూలు ట్రిప్ గీత కొట్టేసింది, తర్వాత చిన్నవాడి చలికోటు మీద పెన్ను పెట్టి ఆపేసింది. ఆ కూతురు డేనిష్‌లో నాకంటే బాగా మాట్లాడుతుంది, మాకు అనువాదం చేస్తూ పక్కనే కూర్చుంది. ఆ పిల్ల రేపు ఈ దేశంలో పన్ను కట్టాల్సిన మనిషి. మీ లెక్క ప్రకారం కూడా ఇది నష్టమే.

రాజకీయం సంగతి. డేనిష్ పీపుల్స్ పార్టీ 2015లో 21 శాతం తెచ్చుకుని రెండో పెద్ద పార్టీ అయింది. 2019లో 8.7 శాతానికి పడిపోయింది. 2022లో 2.6. చాలామంది దీన్ని చూపించి "సోషల్ డెమోక్రాట్లు వాళ్ల విధానం తీసుకున్నారు, వాళ్లని ఓడించారు, మీరూ అలా చేయండి" అని యూరప్ అంతా చెప్తున్నారు. సోషల్ డెమోక్రాట్ల నాయకురాలు మెట్టె ఫ్రెడరిక్సన్ గెలిచింది నిజమే. కానీ అప్పుడు పార్టీ బలం పోయింది, చట్టం పోలేదు. 2016లో శరణు కోరి వచ్చినవాళ్ల దగ్గర 10,000 క్రోనర్లకు మించిన విలువైన వస్తువులు తీసుకోవచ్చన్న చట్టానికి సోషల్ డెమోక్రాట్లు కూడా ఓటేశారు. ఆ పార్టీ ఏం సాధించాలనుకుందో, దాని బలం తగ్గాక కూడా అదే నడిచింది.


తూర్పుతీరం_84 (బర్మింగ్‌హామ్)

ఇంత చర్చ అవసరమా అనిపిస్తోంది. నాకు ఐఎల్ఆర్ వచ్చేసింది, నా జీతం బాగుంది, ఎప్పుడూ బెనిఫిట్స్ అడగలేదు. స్కిల్డ్ మనుషుల జోలికి ఎవరూ రారు. మనం శరణార్థులతో కలిపి మాట్లాడుకుని మన పరువు మనమే తీసుకుంటున్నాం.


గోదావరి_గట్టు (లైడెన్, నెదర్లాండ్స్)

తూర్పుతీరం గారూ, రిఫార్మ్ రద్దు చేస్తానన్నది మీ చేతిలో ఉన్న ఆ కాగితాన్నే. రిఫార్మ్‌ను పక్కన పెట్టండి, లేబర్ ప్రభుత్వం 2025 నవంబరులో పెట్టిన ప్రతిపాదనలు చదవండి. స్థిర నివాసానికి మామూలు గడువు ఐదేళ్ల నుంచి పదేళ్లు. డిగ్రీ స్థాయి కంటే తక్కువ ఉద్యోగాలకు, అంటే కేర్ వర్కర్ల లాంటివాళ్లకు, పదిహేనేళ్లు. బెనిఫిట్స్ తీసుకుంటే ఏడాది లోపైతే ఐదేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు అదనం. ఐఎల్ఆర్ వచ్చినా సరిపోదు, పౌరసత్వం ఉంటేనే బెనిఫిట్స్ అనే మాట కూడా అందులో ఉంది. ఇప్పటికే బ్రిటన్‌లో ఉండి ఇంకా ఐఎల్ఆర్ రానివాళ్లకి కూడా వర్తింపజేయాలని అందులో ఉంది.

అదే కాగితంలో ఎక్కువ జీతం ఉన్నవాళ్లకి గడువు తగ్గించారు. 1,25,140 పౌండ్లు దాటితే మూడేళ్లు. పరువు అనేది జీతం స్లాబును బట్టి అయితే, ఉద్యోగం పోయిన రోజు మనం ఏ స్లాబులో ఉంటాం? శరణార్థిని పక్కకు నెట్టి మనం లోపల ఉండిపోవచ్చు అనుకోవడం నాకు న్యాయంగానూ అనిపించదు, తెలివిగానూ అనిపించదు.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2012లో శరణు కోరినవాళ్లకిచ్చే సాయం మరీ తక్కువగా ఉందని తీర్పు చెప్తూ, మనిషి గౌరవాన్ని వలస విధానం కోసం తగ్గించడానికి లేదంది. నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం అది. అందులో స్కిల్డ్, అన్‌స్కిల్డ్ అని లేదు.


తూర్పుతీరం_84 (బర్మింగ్‌హామ్)

నేను పూర్తిగా ఒప్పుకోను. ప్రతి దేశానికీ ఎంచుకునే హక్కుంది. కానీ ఐఎల్ఆర్ ఉన్నవాళ్ల మీద ఆ ప్రతిపాదన సంగతి చదివి మళ్లీ వస్తాను.


లీడ్స్_నైట్_డ్యూటీ (బ్రిటన్)

పదిహేనేళ్లు అని చదవగానే టెన్షన్ మొదలైంది. మా పెద్దమ్మాయి అప్పటికి డిగ్రీ అయిపోయి ఉంటుంది. ఒక చిన్న సందేహం, ఎవరైనా చెప్పండి. పిల్లలు స్కూల్లో చదవడం, జీపీ (స్థానిక డాక్టరు) దగ్గరికి వెళ్లడం కూడా బెనిఫిట్ కింద లెక్కేస్తారా? మాతో పని చేసే ఒకామె అలా అంటే, బాబుకి దగ్గు వస్తున్నా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదు.


పన్ను_కట్టే_మనిషి (రీడింగ్, బ్రిటన్)

అక్కా, లెక్కేయరు. ప్రభుత్వ స్కూలు చదువు, ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ) వైద్యం "పబ్లిక్ ఫండ్స్", అంటే వీసా మీద ఉన్నవాళ్లు తీసుకోకూడని సాయాల, జాబితాలో లేవు. ఆమెతో వెంటనే చెప్పండి, బాబుని ఇవాళే తీసుకెళ్లమనండి. హెల్త్ అండ్ కేర్ వీసా కాబట్టి మీకు హెల్త్ సర్‌చార్జి కూడా లేదు. లెక్కలోకి వచ్చేవి యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్, హౌసింగ్ బెనిఫిట్ లాంటివి. వాటికి మాత్రం పొరపాటున కూడా అప్లై చేయకండి. ఎవరైనా ఏజెంటు "నేను ఇప్పిస్తా" అంటే అస్సలు నమ్మొద్దు.

ఇంకోటి. ఈ ప్రతిపాదనల మీద ప్రభుత్వం అభిప్రాయాలు అడిగింది, 2026 ఫిబ్రవరి 12తో గడువు ముగిసింది. ఆన్‌లైన్‌లో ఎవరైనా రాసే వీలుండేది. ఇప్పటికే ఉన్నవాళ్లకి పాత గడువే ఉంచాలా అన్నదీ అందులో ఉండేది. నేను నా మాట రాశాను, షరతు మధ్యలో మార్చొద్దని. ఇప్పుడు మీరు కూడా మీ ప్రాంత ఎంపీకి రాయాలి. మేజోళ్ల సంగతి, పేస్లిప్ సంగతి ఇక్కడ ఎలా రాశారో అలాగే తెలుగులో రాసి నాకు మెసేజ్ పెట్టండి, నేను ఇంగ్లీషులో పెట్టి పంపిస్తాను. మీ యజమాని పేరు, ఆ పెద్దాయన పేరు రాయకండి.


లీడ్స్_నైట్_డ్యూటీ (బ్రిటన్)

థాంక్స్ అన్నా. ఆమెకు ఇప్పుడే ఫోన్ చేశాను, పొద్దున జీపీకి ఫోన్ చేస్తానంది. ఆదివారం నాకు సెలవు, కూర్చుని రాస్తాను. మాతో పని చేసేవాళ్లలో ఇంకో నలుగురైదుగురు తెలుగువాళ్లున్నారు, ఒకామె మలయాళీ. వాళ్లవి కూడా పంపొచ్చా?


పన్ను_కట్టే_మనిషి (రీడింగ్, బ్రిటన్)

అందరివీ పంపండి. మలయాళం నాకు రాదు, ఆమెని ఇంగ్లీషులో ఎంత వస్తే అంత రాయమనండి. ఒక్కొక్కరిదీ విడిగా ఉండాలి, ఒకే ఉత్తరం అందరూ పంపితే విలువుండదు.